అరగని దుమ్ము

ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లలకు కణం పాఠం చెప్పే రోజులు వస్తే నాకు ఒళ్లు మండుతుంది. కరీంనగర్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో బాటనీ చెబుతాను. కణంలో లైసోజోములని చిన్న చిన్న సంచులుంటాయి. వాటికి ‘ఆత్మహత్యా సంచులు’ అని పేరు. పిల్లలకు ఆ పేరు ఒక్కసారి చెబితే చాలు, జన్మలో మరిచిపోరు. పరీక్షలో ఆ బిట్టు తప్పు రాసినవాణ్ని నేనింతవరకు చూడలేదు. మరి ఆ సంచి రోజూ చేసే పని ఏమిటర్రా అని అడిగితే మాత్రం అందరూ బల్లల కింద ఏదో వెతుక్కుంటారు.

కణం చచ్చే వేళ ఆ సంచి పగిలి కణాన్నే తినేస్తుంది, అందుకని ఆ పేరు. బతికినంత కాలం అది చేసిన చాకిరీ లెక్కలోకి రాలేదు. చివరి రోజు ఏం జరిగిందో దాన్ని పట్టుకుని పేరు పెట్టేశారు. పెట్టినవాళ్లు ఎదురుపడితే రెండు మాటలు అడిగేదాన్ని.

చాకిరీ అంటే మామూలు చాకిరీ కాదు. కణంలో ప్రోటీన్లు ఊరికే కూర్చోవు, పనిచేస్తాయి. పనిచేసేది పాడవుతుంది. వేడికి కొన్ని, వయసుకు కొన్ని మడత తప్పి వంకరపోతాయి. వంకరపోయినవి పక్కవాటికి అంటుకుని ముద్ద కడతాయి. అలాంటి ముద్దను కణం ఒక పొరలో చుట్టి లైసోజోముకు అప్పగిస్తుంది. లోపలంతా పులుపు. ఆ పులుపులోనే పనిచేసే ఎంజైములు అక్కడ కాచుకుని ఉంటాయి. అవి ప్రోటీను గొలుసును ముక్కలు కోస్తాయి, ముక్కలను మళ్లీ కోస్తాయి, చివరికి అమైనో ఆమ్లాలుగా విడగొట్టి బయటికి పంపుతాయి. కణం వాటితోనే కొత్త ప్రోటీను కట్టుకుంటుంది. పాత పెంకుటిల్లు విప్పేటప్పుడు మనవాళ్లు దూలాలు, తలుపులు, పెంకులు దేనికది జాగ్రత్తగా దించి కొత్తింటికి వాడుకున్నట్టు. పాడైపోయిందని కణం దేన్నీ గడప బయట కూర్చోబెట్టదు.

ఆ ఎంజైములకు చేతకానిది రాయి. ఒకప్పుడు ప్రాణమున్న వస్తువునైతే ఎలాగోలా కోసి పారేస్తాయిగానీ రాయిని ఏమీ చేయలేవు. ఇది సిలబస్‌లో లేదు. నా తమ్ముడి వల్ల తెలిసింది.

మా బాపు శ్రీరాంపూర్‌లో భూమి లోపలి గనిలో పనిచేసి రిటైరయ్యాడు. మేము పెరిగింది కార్మికుల క్వార్టర్లలో. పొద్దున లేస్తే ఆ లైనంతా దగ్గే. బాపు నల్లగా ఉమ్మేవాడు, పక్కింటాయన ఉమ్మేవాడు, అయినా ఎవరి కంచం ఎవరూ వేరు చేయలేదు. అందరి ఇళ్లలోనూ దగ్గే మనిషి ఉన్నప్పుడు వింతేముంది? తమ్ముడికి గనిలో ఉద్యోగం దొరకలేదు. చదువు పదో తరగతితో ఆగింది. పెళ్లయ్యాక కరీంనగర్ వచ్చి ఊరి బయట గ్రానైట్ పాలిష్ చేసే ఫ్యాక్టరీలో కుదిరాడు.

పెద్ద బండలు కోసే మిషన్ల మీద నీళ్లు పడుతుంటాయి, అక్కడ దుమ్ము తక్కువ. తమ్ముడిది అంచుల పని. చేతి గ్రైండర్‌తో బండ అంచును గుండ్రంగా తీయాలి. నీళ్లు పోస్తే గీసుకున్న గీత చెరిగిపోతుంది, వైర్లలో షాక్ కొడుతుంది అని పొడిగానే తీయించేవారు. ముక్కుకు దస్తీ కట్టుకునేవాడు. అంత సన్నటి దుమ్ముకు దస్తీ ఒక అడ్డా? సాయంత్రం ఇంటికి వస్తే కనుబొమలు తెల్లగా ఉండేవి. “ముసలోనివైనవురా” అని నేనే ఆటపట్టించేదాన్ని.

ఆ ఫ్యాక్టరీ యజమాని మాకు పరాయివాడేం కాదు. మాది తాతల కాలం నుంచీ మెథడిస్టు కుటుంబం. మేము పోయే చర్చి కమిటీలో ఆయనే పెద్దమనిషి. తమ్ముడికి పనిచ్చింది కూడా ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి గేటు దగ్గర నిలబడి మాట్లాడుకునే. మా అవ్వ ఆయన చేతులు పట్టుకుని కళ్లకద్దుకుంది.

కొన్నేళ్లకు తమ్ముడికి దగ్గు మొదలైంది. బక్కచిక్కిపోయాడు. ఒక నర్సింగ్ హోంలో ఎక్స్‌రే తీసి, ఊపిరితిత్తుల పైభాగంలో మచ్చలున్నాయి, టీబీ అన్నారు. తెమడ పరీక్షలో ఏమీ కనపడలేదు. కనపడకపోయినా ఉండొచ్చన్నారు. గోళీలు మొదలుపెట్టాడు. ఆ కోర్సు అయిపోయింది, దగ్గు మాత్రం అక్కడే ఉంది. గోళీలు సరిగ్గా మింగలేదేమోనని వాడినే అనుమానించి మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టించారు. వాడు ఒక్క పూట కూడా తప్పలేదని నాకు తెలుసు, మరదలే పక్కన నిలబడి మింగించేది.

టీబీ అనే మాట ఇంట్లోకి రాగానే వాడి కంచం వేరైంది, గ్లాసు వేరైంది, పడక ముందర అర్రలోకి వచ్చింది. బిడ్డ నాన్న దగ్గరికి పోవడం బందైంది. అంతకుముందు ఆ పిల్ల వాడి వీపు మీద ఎక్కి హోంవర్కు చదివేది. ఇప్పుడు గడపకు అవతల నిలబడి “బాపు, ఇంగ్లీషుల గిన్ని మార్కులొచ్చినయి” అని కాగితం అక్కణ్నుంచే చూపించేది. తప్పు మరదలిది కాదు. ఒక్క బిడ్డ, ఆ బిడ్డను కాపాడుకోవాలని దవాఖానలో చెప్పినట్టే చేసింది. నాకు ఆమె మీద కోపం రాలేదు. కోపం రావలసిన చోట్లు వేరే ఉన్నాయి.

మొదటిది చర్చి. మా దగ్గర ప్రభువు బల్ల తీసుకునే ఆదివారం వరుసలు వరుసలుగా ముందుకు పోయి, బల్ల ముందు అడ్డంగా ఉన్న కమ్మీ దగ్గర మోకరిస్తాం. పాస్టరయ్య రొట్టె ముక్క ఇచ్చి, వెనకాలే ట్రేలోంచి చిన్న చిన్న గాజు గ్లాసుల్లో ద్రాక్షరసం ఇస్తాడు. ఎవరి గ్లాసు వాళ్లదే. ఎంగిలి అనే మాటే లేదు. అయినా ఒక ఆదివారం తమ్ముడు లేచి వరుసలో కలవబోతుంటే మన పెద్దమనిషి దారిలో నిలబడి భుజం మీద చేయి వేశాడు. “నువ్వు ఆఖరుకు రా తమ్మీ. పిల్లలుంటరు గదా” అన్నాడు. ఎంత మెత్తగా అన్నాడంటే పక్కవాళ్లకు ఆశీర్వాదం ఇచ్చినట్టు కనిపించింది.

వరుసలన్నీ అయిపోయాక తమ్ముడు ఒక్కడే పోయి మోకరించాడు. కమ్మీ కింది మెట్టు గోధుమరంగు గ్రానైటు, ఆ పెద్దమనిషి చర్చికి ఇచ్చిన కానుక. దాని అంచులు తీసింది మా తమ్ముడే. తరువాత రెండు మూడు నెలలు అలాగే ఆఖరుకు పోయాడు. ఆపైన పోవడమే మానేసి వెనక బెంచీలో, చెప్పులు విడిచే చోటుకు దగ్గరగా కూర్చునేవాడు. ఎవరూ రమ్మని పిలవలేదు.

అదే ఏడు వాడి బిడ్డకు నిర్ధారణ సంస్కారం వచ్చింది. మా పిల్లలకు పసితనంలోనే బాప్తిస్మం ఇస్తాం. ఎదిగాక వాళ్లే పాఠాలు నేర్చుకుని, పాస్టరయ్య అడిగిన ప్రశ్నలకు అందరి ముందు జవాబు చెప్పి, సంఘంలో సభ్యులవుతారు. ఆ రోజే మొట్టమొదటిసారి బల్ల తీసుకుంటారు. మా చర్చిలో ఒక ఆనవాయితీ ఉంది. ఆ రోజు పిల్లకు ఒక పక్క తల్లి, ఒక పక్క తండ్రి మోకరించాలి. తండ్రి లేని పిల్లలకు మేనమామో, తాతో మోకరిస్తారు.

తమ్ముడు నన్నేనాడూ ఏదీ అడగలేదు. ఆ రోజు అడిగాడు. “అక్కా, బిడ్డ పక్కన మోకరిస్త. గంతే. మల్ల జన్మల ఆళ్లనేం అడుగ. ఎట్లనన్న జెయ్యి.”

నేను వాణ్ని వేరే ఛాతీ డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. నడివయసు మనిషి, ముఖంలో చిరునవ్వు లేదు. ఎక్స్‌రే చేతిలోకి తీసుకోకముందే అడిగాడు: “ఏం పని చేస్తవు?” అంతకాలంగా వాడు ఎక్కని దవాఖాన మెట్టు లేదు. ఆ ప్రశ్న అడిగినవాడు అప్పటిదాకా ఒక్కడూ లేడు. మతం అడిగారు, బీడీ తాగుతావా అని అడిగారు, మందు అలవాటుందా అని రెండుసార్లు అడిగారు.

తమ్ముడు చెప్పాడు. డాక్టరు స్కానింగ్ తీయించి చూశాడు. “టీబీ గాదు. రాతిదుమ్ము. సిలికోసిస్ అంటరు. గీ దుమ్ము పడ్డోళ్లకు టీబీ కూడా జల్ది అంటుకుంటది, మచ్చలు కూడా జర గట్లనే ఉంటయి, అందుకే వాళ్లు గట్ల అనుకున్నరు. ఇప్పుడైతే టీబీ లేదు. ఇది ఎవ్వలకు అంటుకోదు” అన్నాడు. తగ్గడానికి మందేమిటని నేను అడిగాను. “దుమ్ముల అడుగు పెట్టొద్దు. ఆయాసానికి మందులిస్త. లోపట పడ్డది మాత్రం తీసుడు మా చేతుల లేదు” అన్నాడు.

ఆ రోజు ఇంటికి వచ్చి నా పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను. ఊపిరితిత్తుల్లో భక్షక కణాలుంటాయి, లోపలికి వచ్చిన చెత్తను మింగడం వాటి పని. రాతిదుమ్ము రేణువు పడగానే ఒక కణం వచ్చి మింగుతుంది. మింగినదాన్ని అలవాటు ప్రకారం లైసోజోముకు చేరుస్తుంది. ఎంజైములు పనికి దిగుతాయి. ఎన్ని వంకర ప్రోటీన్లను కోసినవి, ఎన్ని సూక్ష్మజీవులను కోసినవి, ఇక్కడ వాటి పళ్లు దిగవు. చివరికి రాయి సంచి గోడను చీలుస్తుంది. లోపలి ఎంజైములు కణంలోకి ఒలికి, కోయకూడనివన్నీ కోసేస్తాయి. కణం చస్తుంది. రాయి చెక్కుచెదరకుండా బయటపడుతుంది. ఇంకో కణం వస్తుంది, దాన్నే మింగుతుంది, అదీ చస్తుంది. చచ్చిన చోటల్లా మచ్చ కట్టి గట్టిపడుతుంది, ఊపిరితిత్తి సాగడం మానేస్తుంది. మనిషి పని మానేసినా లోపల ఈ పని ఆగదు.

ఇన్నేళ్లు ఆత్మహత్యా సంచి అని బిట్టు చెప్పాను. ఆత్మహత్యేమిటి? ఎవరో పోసిన రాయిని మింగబోయి చచ్చినదానికి ఆత్మహత్య అని పేరు పెట్టడం మనుషులకే చెల్లింది.

డాక్టరు దగ్గర్నుంచి బయటికి వచ్చాక మెట్ల మీద కూర్చుని చాయ్ తాగేటప్పుడు తమ్ముడి ముఖం చూడాలి. “అంటుకోదా అక్కా? నిజంగనే అంటుకోదా?” అని మళ్లీ మళ్లీ అడిగాడు. అంటుకోదురా అంటే చిన్నపిల్లవాడిలా నవ్వాడు. గ్లాసు సగమయ్యేసరికి నవ్వు ఆగిపోయింది.

“తగ్గదు గూడ గదా?”

ముందు చాయ్ తాగురా అన్నాను.

“గీ ముచ్చట బిడ్డకు చెప్పకక్కా. టీబీ అంటె గోళీలు మింగితె తగ్గుతదని దానికెరుక. బడిల గూడ చెప్పిన్రట. రాయంటె తగ్గదని తెలిస్తె అది ఏడుస్తది. టీబీ ఉండె, తగ్గిందందాం. గట్లనే ఉండనీ.”

నేను గొడవపడ్డాను. టీబీ అని కాదురా, రాయి అని చెబితేనే నీ మీద భయం పోతుంది అన్నాను. “భయం పోతది, కని పోరి దిల్ పలుగుతది” అన్నాడు. చివరికి చెప్పనని మాటిచ్చాను. మరదలికి మాత్రం చెప్పమన్నాడు. ఆమె విని గోడకు ఆనుకుని, “మరి గిన్ని రోజులు ఎందుకు దూరం బెట్టిన వదినే?” అని నన్నే అడిగింది. బిడ్డకు చెప్పనని ఆమె కూడా మాటిచ్చింది.

ఇక పెద్దమనిషి దగ్గరికి పోయాను. పాస్టరయ్య ఇంట్లోనే ఇద్దరూ ఉన్నారు. టీబీ కాదని చెప్పగానే పెద్దమనిషి “దేవునికి స్తోత్రం” అన్నాడు. అది వచ్చింది రాతిదుమ్ము వల్ల అని చెప్పగానే చాయ్ సాసర్ కింద పెట్టాడు.

“రాతిదుమ్మా? మా కాడ గింతమంది పనిచేస్తుండ్రు. అందరికి రావాలె గదా మరి?”

“మీ దగ్గర ఎవరికైనా పరీక్ష చేయించారా అన్నా?” అన్నాను.

ఆయన కోపం తెచ్చుకోలేదు. కోపం తెచ్చుకుంటే నాకు కొంత నయంగా ఉండేది. నన్ను జాలిగా చూసి, “టీచరమ్మా, నువ్వు సదువుకున్నదానివి. పదిమందిల గీ మాటంటె కారఖానా మూతబడ్తది. మూతబడితె గా పోరగాండ్లందరు ఏడికి పోవాలె?” అన్నాడు. ఆపైన ఆయనే దారి చూపించాడు. “టీబీ ఉండె, ప్రార్థనతోని తగ్గింది అని సాక్ష్యం చెప్పుమను. ముంగటి వరుసల బిడ్డ పక్కకే మోకరించుమను. నేనే చేయి బట్టి తోల్కపోత.”

“చర్చిలో నిలబడి అబద్ధం చెప్పమంటారా?”

“అబద్ధమెందుకైతది? టీబీ ఇప్పుడు లేదని నువ్వే అంటివి గదా.”

నేను పాస్టరయ్య వైపు చూశాను. ఆయన కిటికీలోంచి బయట ఆరేసిన బట్టలు చూస్తున్నాడు. నాకు అప్పుడు అర్థమైంది. టీబీ అయితే అది తమ్ముడి తలరాత. రాయి అయితే అది ఇంకొకరి చేతి పని. టీబీ అన్నన్నాళ్లూ వాణ్ని చూసి జాలిపడొచ్చు, దూరం పెట్టొచ్చు, వాడి కోసం ప్రార్థన కూడా చేయొచ్చు. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.

తమ్ముడు వెంటనే ఒప్పుకున్నాడు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. “నీకేమన్న సిగ్గున్నదారా? నిన్ను గింత జేసినోని ముంగట స్తోత్రం చెప్తవా?” అని అరిచాను. నాకు కోపం వస్తే శ్రీరాంపూర్ భాష వచ్చేస్తుంది. వాడు నవ్వాడు. “నువ్వు కొట్లాడితె నువ్వే గెలుస్తవక్కా. కని గా ఆదివారం మల్ల రాదు.”

ఆ ఆదివారం చర్చి నిండిపోయింది. పెద్దమనిషి అన్నమాట ప్రకారం తమ్ముణ్ని చేయి పట్టుకుని మైకు దగ్గరికి తీసుకుపోయాడు. వాడు మాటకూ మాటకూ మధ్య ఆగుతూ చెప్పాడు. “నాకు టీబీ ఉండె. సంఘమంత ప్రార్థన చేసిన్రు. దేవుడు బాగు చేసిండు.” అందరూ ఆమెన్ అన్నారు. కొందరు చప్పట్లు కొట్టారు. ఆయాసం వల్ల వాడి గొంతు వణికితే, ముందు బెంచీ ఆడవాళ్లు భక్తి అనుకుని కళ్లు తుడుచుకున్నారు.

నా మేనకోడలు పాస్టరయ్య అడిగిన ప్రశ్నలకు తడుముకోకుండా జవాబులు చెప్పింది. తెల్ల డ్రెస్సు, తల మీద తెల్ల చున్నీ. కమ్మీ ముందుకు పోయి మోకరించింది. కుడివైపు మరదలు మోకరించింది. తమ్ముడు కమ్మీ పట్టుకుని మెల్లగా ఒక మోకాలు, తరువాత ఇంకో మోకాలు ఆనించి బిడ్డకు ఎడమవైపు చేరాడు. మోచేతులు తగిలేంత దగ్గర. అంతకాలం తరువాత వాడు బిడ్డకు అంత దగ్గరగా రావడం అదే మొదలు. నేను రెండో బెంచీలో ఉన్నాను, వాళ్ల ముఖాలు పక్కనుంచి నాకు బాగా కనిపిస్తున్నాయి. వాడు బల్ల వైపు చూడటం లేదు, పిల్లనే చూస్తున్నాడు.

పాస్టరయ్య కుడి చివర నుంచి మొదలుపెట్టాడు; ఎడమ చివర తమ్ముడే. ఒక్కొక్కరి ముందూ ఆగి, వాక్యం చెప్పి, నిదానంగా ఇస్తున్నాడు. తమ్ముడికి చిన్న దగ్గు తెర వచ్చింది. ఆపుకున్నాడు.

పిల్ల కళ్లు మూసుకుని ప్రార్థనలో ఉంది. కళ్లు తెరవలేదు. దాని ఎడమచేయి మాత్రం పైకి లేచి, చున్నీ అంచు పట్టుకుని ముక్కుకూ నోటికీ అడ్డం పెట్టుకుంది. కావాలని చేయలేదని నేను ఏ కోర్టులోనైనా చెబుతాను. ఆ చేతికి అలవాటు, అంతే. టీబీ ఉండేదని వాళ్ల నాన్నే ఇప్పుడు మైకులో చెప్పాడు కదా.

తమ్ముడు చూశాడు. చూసి ముఖాన్ని గోడ వైపు తిప్పుకున్నాడు. పెదవులు బిగించి ఊపిరి ఆపేశాడు. నాలుగు మెట్లు ఎక్కడానికి ఊపిరి చాలని మనిషి. మెడ మీద నరాలు ఉబ్బాయి, చెవులు ఎర్రబడ్డాయి, కమ్మీ మీద వేళ్లు తెల్లబడ్డాయి. తీసుకోరా, ఊపిరి తీసుకోరా అని నేను నోట్లోనే గొణుక్కుంటున్నాను. లేచి పోయి ఆ చున్నీ లాగేసి, మైకు అందుకుని, రాయి రాయి అని అరవాలనిపించింది. వాడికి ఇచ్చిన మాట నన్ను బెంచీకి కట్టేసింది. పాస్టరయ్య పిల్ల ముందు ఆగాడు. అది చున్నీ దించి, రొట్టె తీసుకుని, రసం తాగి, తల వంచి ప్రార్థన చేసుకుని, తల్లితో కలిసి లేచింది. పెదవులు బిగించిన తమ్ముడు తప్ప దాంతో పాటు వరుసంతా లేచింది.

పిల్ల బెంచీ దాకా పోయాకే తమ్ముడు నోరు తెరిచాడు. రెండు చేతులతో కమ్మీ పట్టుకుని, నుదురు దానికి ఆనించి, ఆగకుండా దగ్గాడు. పాస్టరయ్య గ్లాసు పట్టుకుని ఆ దగ్గు ఎప్పుడు ఆగుతుందా అని వాడి ముందు నిలబడ్డాడు. కమ్మీ దగ్గర ఇంకెవరూ లేరు.